మూడో చరణంలో వణుకు

ఊపేది ఆగిపోయిందని విన్నాడు వీరభద్రయ్య. ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు అప్పటికే కదిలింది, ఇంజను దగ్గుతూ పొగ తుమ్ముతోంది, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ సైకిలుషాపు గఫూర్ చేయి ఊపి ఊపి అరిచాడు. చేయి అంతగా ఊగుతుంటే చెవి మాత్రం ఇంకేం వింటుంది. "సంజీవయ్యది ఊపేది ఆగిపాయప్పా, బిరీన రా" అన్నట్టే వినబడింది. అర్థం కూడా చక్కగా కుదిరింది. జమ్మలమడుగు చర్చిలో ఆర్గను ఉంది, ఆర్గనుకు గాలి నింపే తిత్తి ఉంది, తిత్తికి కొయ్యపిడి ఉంది. ఆ పిడిని ఊపేవాడు సంజీవయ్య, ఆ గాలిని పాట చేసేవాడు తను. పిడి బిగుసుకుపోయి ఉంటుంది, వానలకు కొయ్య ఉబ్బుతుంది గదా. "ఆముదం తెస్తాండా, నువ్వు పో" అని వాడికంటే గట్టిగా అరిచాడు. ఆముదం అనగానే గఫూర్ ముఖం అదో రకంగా పెట్టాడు గాని, ఆ ముఖానికి అర్థం అడిగేలోపు బస్సు మలుపు తిరిగింది. అంగట్లో సీసాడు ఆముదం, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఒక తోలుముక్క, గుప్పెడు మేకులు కొనుక్కుని తర్వాతి బస్సెక్కి, దారంతా పిడి గురించే ఆలోచిస్తూ వచ్చాడు. చర్చిలో అడుగుపెడితే పిడి బాగానే ఉంది. ప్రసంగపు బల్ల ముందు, రెండు పీటల మీద, కొత్త చెక్కపెట్టె ఉంది. ఊపేది ఆగలేదు. ఊపేవాడు ఆగిపోయాడు.

ఇప్పుడు ఆముదం సీసా సంచీలో, సంచీ బెంచీ కింద, బెంచీ మీద తను, వీపు వెనక సంఘం మొత్తం. ఆర్గను వాయించేవాడిది వీపు బతుకు. అయ్యగారు ఎప్పుడు లేచారో ఎప్పుడు కూర్చున్నారో తెలియడానికి ఎదురుగా ఒక గుండ్రటి అద్దం బిగించి ఉంది, మంగలి చేతిలో అద్దమంత. ఇన్నేళ్ళుగా ఈ ఊరి పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ చావులూ అన్నీ అందులోనే చూశాడు, కుడి ఎడమైన లోకంగా. ఈ రోజు అద్దం నిండా పెట్టె. పెట్టె పక్కన చాప మీద చిన్నసుబ్బమ్మ, సంజీవయ్య భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కూతురు పులివెందుల నుంచి రావాలి, ఆ బస్సు ముద్దనూరు మీదుగా ఏరు దాటి వచ్చేదాకా ఆగుదామన్నారు దేవదానం అయ్యగారు. చర్చి మీది గంట మోగి ఊరుకుంది, లోపలి గంట మాత్రం ఎంతకీ గడవదు. అయ్యగారు పోతూ పోతూ భుజం తట్టి, "చివరి పాటలో మూడో చరణం, వీరభద్రయ్యగారూ. ఆ వణుకు ఈ రోజు తప్పకుండా రావాల. మన సంజీవయ్యకు అదే సాగనంపు" అన్నారు. అది రాదు. అది ఎక్కడినుంచి వచ్చేదో తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరని తన లెక్క, అందులో ఒకడు పెట్టెలో ఉన్నాడు. రెండోవాడు ఆ మొదటివాణ్ణి అడగాల్సిన మాట ఒకటుంది. ఈ ఆదివారం, పై ఆదివారం అంటూ రెండేళ్ళు దాచిపెట్టాడు, వాయిద్యగాడికి వాయిదాలు బాగానే అబ్బాయి. ఆ రోజు ఎందుకు నవ్వినావప్పా. ఇంత మాట. ఇప్పుడు ఎవరిని అడగాలి.

ఎదుట గొట్టాలు. పెద్దవి కొయ్యవి, ఒక మనిషి కౌగిట్లో పట్టేంత లావు. చిన్నవి తగరపువి, చిటికెన వేలంత. ఓడలో మద్రాసుకు వచ్చాయట, రైల్లో ముద్దనూరుకు వచ్చాయట, అక్కడినుంచి ఎద్దుబండ్ల మీద పెన్న ఇసుకలో దిగబడుతూ లేస్తూ జమ్మలమడుగు చేరాయట. ఆ బండి తోలినవాళ్ళలో సంజీవయ్య నాయన ఒకడు. ఏట్లో ఎద్దులు అలుపు తీర్చుకుంటుంటే, ఇదేంది ఇంత లావు ఊదుడు గొట్టమని నోరు పెట్టి ఊదాడట, ఆ మోతకు ఎద్దులు బెదిరి బండిని గట్టు మీదికి లాక్కుపోయాయట, మొదటి కీర్తన అదేనట. ఈ కథ ఎక్కడ విన్నాడు, సంజీవయ్య ఇంట్లోనే, జొన్నరొట్టె, ఎర్రకారం. చెప్పింది చిన్నసుబ్బమ్మ. సంజీవయ్య తల ఊపాడు. ఊపడమే అతని పని, పిడైనా తలైనా. ఆరాధన అయ్యాక బస్సుకు ఇంకా పొద్దుంటే ఆ ఇంట్లోనే తినేవాడు, తింటూ మాట్లాడేవాడు, నాటకాల గొంతు గదా, ఆ గొంతుకు చూరు మీది కోళ్ళు దిగి పారిపోయేవి. అవతలివాడు ఏమన్నాడో గుర్తులేదు. అవతలివాడు ఏమైనా అనేంత జాగా ఎప్పుడు వదిలాడు గనక.

నాటకాల గొంతు, నాటకాల వేళ్ళు. పులివెందులలో కంపెనీ డేరా వేసినప్పుడు హార్మోనియం ముందు కూర్చుంటే రాజు ఏడవకముందే హార్మోనియం ఏడ్చేది, రాజుగారికి కోపం. మొదటి వరసలో ఒక పిల్ల నవ్వుతోంది, రాజును చూసి కాదు, తనను చూసి. మీనాక్షి. ఆ నవ్వు వెంట పడి పులివెందులలో అల్లుడై, ప్రొద్దుటూరులో సంసారియై, కంపెనీ మూతపడ్డాక పిల్లలకు సంగీతం చెప్పుకుంటుంటే, ఈ చర్చిలో ఆర్గను వాయించే దొరసాని కబురు పెట్టింది. ఆమె స్వదేశం పోతోంది, ఆర్గనుకు మనిషి కావాలి. విభూతి పెట్టుకుని వచ్చి మొదటి పాట వాయించాడు. దొరసాని చెవులు మూసుకోలేదు, కళ్ళు మూసుకుంది. ఆమెకు వచ్చిన తెలుగంతా కూడదీసుకుని చెప్పింది, పాట మీది కాదు, వారిది, మీరు వారి కాళ్ళ కింద నేల. ముందు పరిగెత్తే నేలను ఎవరైనా చూశారా. అప్పటినుంచి నేల కావడం నేర్చుకున్నాడు. జనం పాట ఎత్తుకోవడానికి ముందుగా ఒక స్వరం ఇవ్వాలి, ఎత్తుకున్నాక ఆ గొంతుల కింద ఉండాలి, మోకాళ్ళు వంగినప్పుడు తనూ తగ్గాలి, కానుకల సంచి తిరిగినంతసేపు తీరిగ్గా నడవాలి, జనం బయటికి పోయేటప్పుడు వాకిలిదాకా తోడు పోవాలి. తోడు పోవడమే పని. అయినా పూర్తిగా వాళ్ళ మనిషి కాలేదు. వచ్చిన ప్రతి అయ్యగారూ బాప్తిస్మం సంగతి ఎత్తేవాళ్ళు, ముంచుతామన్నప్పుడల్లా ఏదో పని ముంచుకొచ్చిందని బస్సెక్కేవాడు. ప్రొద్దుటూరులో వీధివాళ్ళు చర్చి మనిషి అంటారు, చర్చిలో ప్రొద్దుటూరు మనిషి అంటారు. మనిషి అన్నంతవరకు ఇద్దరికీ సమ్మతమే.

కుడిచేతి పక్కన, వేళ్ళతో నొక్కే మెట్లకు ఓ జానెడు దూరంలో, చెక్కకు బొక్క ఉంది. పావలా బిళ్ళంత. వెనక చీకటి గది, అందులో తిత్తి, తిత్తి దగ్గర సంజీవయ్య. ఒకప్పుడు ఆ బొక్కలోంచి ఒక తాడు ఉండేది, గాలి కావాలంటే లాగాలి. తాడు తెగిపోయాక మడమతో చెక్కను తట్టేవాడు, తడితే చాలు, గాలి లేచేది, ఒక్క ఊపిరి కూడా ఆలస్యం కాకుండా. బొక్క మాత్రం మిగిలింది. బొక్క ఉన్నాక నోరున్నవాడు ఊరుకుంటాడా. చివరి పాటలో రెండో చరణం ముగిశాక జనం గాలి పీల్చుకునేందుకు ఒక స్వరం పొడుగ్గా నిలపాలి, అది దొరసాని పెట్టిన పద్ధతి. ఎడమచేయి ఆ స్వరాన్ని పట్టుకుని ఉండగా కుడిపక్కకు వంగి బొక్కకు నోరు ఆనించి గుసగుసగా అనేవాడు. ఇది ప్రసంగం కాదు సంజీవా, ప్రసవం. నొప్పులు మాత్రం మనవి. ఇంకో వారం, కానుక సంచి వస్తాంటే అందరూ కాను కాను అంటాండారు, కడాన 'క' ఒక్కటే సంచిలో పడింది. ఇంకో వారం, ముందు వరస ఆయప్పకు తాళం లేదప్పా, ఉంటే నోటికి వేసుందుము. చెప్పి తల ఎత్తి మూడో చరణం ఎత్తుకోగానే, వెనక సంజీవయ్య నవ్వేవాడు. మనిషి నవ్వితే చేయి అదురుతుంది, చేయి అదిరితే పిడి అదురుతుంది, పిడి అదిరితే గాలి, గాలి అదిరితే గొట్టాలన్నీ సన్నగా, ఏడ్చే బిడ్డ గొంతులా వణికేవి. జనం కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కొంగులు తీసేవాళ్ళు. వీరభద్రయ్యగారు తల వంచి ప్రార్థన చేసుకుంటే ఆత్మ దిగి వచ్చి ఆ వేళ్ళలో వణుకుతుందని అనుకున్నారు. అయ్యగారు ప్రసంగంలో కూడా చెప్పారు. ఆ వణుకు వినాలని లింగాల నుంచి జనం వచ్చేవాళ్ళు. కాదని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు, చెబితే సంజీవయ్యకు పని పోదా.

నోరు రాకపోవడం. నోరు ఉండి ఒక్కసారి నిజమైన మాట చెప్పాడు ఆ బొక్కలో. రెండు వేసవుల కింద మీనాక్షి పోయింది. ఆ రోజు సంజీవయ్య ప్రొద్దుటూరుకు వచ్చి అరుగు మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాడు, ఒక్క మాట లేదు, ఆఖరి బస్సుకు లేచిపోయాడు. ఆ కూర్చోవడం ఎంత బాగుండింది, ఊరు ఊరంతా ఓదారుస్తుంటే అతనొక్కడే ఏమీ అనలేదు. ఆ తర్వాతి ఆదివారం తను వాయించడానికి వచ్చాడు. రెండో చరణం ముగిసింది, స్వరం నిలిచింది, అలవాటుగా పక్కకు వంగాడు. చెప్పడానికి హాస్యం ఏదీ లేదు. నోటికి అదే వచ్చింది. ఇంటికి పోతే తలుపు నేనే తీసుకోవాల్సొస్తాంది, సంజీవా. ముప్పై ఏళ్ళుగా బస్సు దిగి వీధి మలుపులోనే దగ్గితే తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఆ దగ్గు వీధికి, తాళంచెవి తనకి. తల ఎత్తి మూడో చరణం ఎత్తుకున్నాడు. గాలి వణికింది. ఎప్పటిలాగే, ఏ వారంకంటే తక్కువ కాకుండా, నవ్వు. ఏడుపేమో అనుకుందామా అంటే, పాట అయ్యాక సంజీవయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెనక తలుపులోంచి వచ్చాడు, పై పన్ను ఊడిన సందుతో సహా నవ్వుతూనే వచ్చాడు, భుజం మీద చేయి వేశాడు. తను ఆ చేయి తీసేయలేదు. బస్సు ఉందప్పా అని మాత్రం అన్నాడు.

ఆ రోజునుంచి బస్సు ఉంది. జొన్నరొట్టె లేదు. హాస్యాలు మానలేదు, మానితే మూడో చరణం ఏం కావాలి, జనం ఏమంటారు, కాని హాస్యాలు మాత్రమే చెప్పాడు, దుకాణంలో సరుకు తూచినట్టు. చిన్నసుబ్బమ్మ రెండుమూడుసార్లు కబురు చేసింది, మా ఆయన రమ్మంటాండు, యాల రాలేదో అడగమంటాండు అని. బస్సు అన్నాడు. పోయిన ఆదివారం చెక్క వెనక దగ్గు వినబడింది. మూడు దగ్గులకు గాలి కొంచెం తగ్గింది, మళ్ళీ నిండింది. పాట అయ్యాక వెనక తలుపు దగ్గర సంజీవయ్య నిలబడి ఉన్నాడు, దగ్గుతో ముఖం కమిలిపోయి, ఏదో అనబోయి చేయి ఎత్తాడు. తను సంచీ భుజానికి తగిలించుకున్నాడు. అప్పుడు అడిగి ఉంటే. ఎందుకు నవ్వినావు. అడగడానికి ఎంత గాలి కావాలి, ఒక్క ఊపిరి చాలు. రెండు మెట్లు కూడా నొక్కనక్కరలేదు.

"అప్పా" అని బొక్కలోంచి వినిపించింది. ఉలిక్కిపడ్డాడు. ఈ బొక్కలోంచి ఇన్నేళ్ళలో ఎన్నడూ మాట రాలేదు, మాట పోవడమే గాని. గఫూర్. గాలి కొట్టడం వాడి వృత్తి గదా అని అయ్యగారు వాణ్ణే లోపల కూర్చోబెట్టారు.

"ఏందిరా?"

"ఆముదం తెచ్చినావు గదా. ఎప్పుడు పూస్తారు ఆయనకు? మూత బిగిస్తారేమో, చెప్పు."

"ఎవురికి పూసేది? అది పిడికి. ఊపేది ఆగిపాయనంటివి గదా."

"నేను ఊపిరి అంటినప్పా" అన్నాడు గఫూర్. "ఊపిరి ఆగిపాయ అంటే ఆముదం తెస్తానంటివి. మీ పద్ధతేమో అనుకున్యా. బస్సులో అందరికీ చెప్పినా గూడ."

ఇది సంజీవయ్యకు చెప్పాల్సిన సంగతి. వంగి, బొక్కలో నోరు పెట్టి, నీ చావుకు ఆముదం కొన్న ఏకైక మూర్ఖుణ్ణి నేనప్పా, నూనెతో నీకు ఊపిరి పోద్దామనుకున్యా, అనాలి. అనగానే గాలి వణకాలి. వీరభద్రయ్య నిజంగానే వంగాడు, సగం వంగి, అవతల గఫూర్ ఉన్నాడని గుర్తొచ్చి, చొక్కా గుండీ సర్దుకున్నట్టు నటించి లేచాడు.

అద్దంలో వాకిలి దగ్గర జనం రెండుగా చీలారు. కూతురు వచ్చింది, చంకలో బిడ్డ, కాళ్ళకు ఏటి ఇసుక. పెట్టె మీద పడింది. ఏడుపు చర్చి పైకప్పుదాకా లేచి దిగింది. అయ్యగారు లేచారు. ప్రార్థన. వాక్యం. ఇన్నేళ్ళు తెర వెనక కూర్చుని సంఘానికి ఊపిరి పోసిన సేవకుడు అని చెబుతున్నారు, మంచి మాటలే, వీపుకు తగులుతున్నాయి. వీరభద్రయ్యగారి వేళ్ళలో దేవుడుంచిన ఆ వణుకుతో మన సహోదరుణ్ణి పంపుదాం అంటున్నారు. మడమ తట్టాడు. గఫూర్‌కు తెలియలేదు. మళ్ళీ తట్టాడు. చివరికి "గాలి కొట్టరా" అన్నాడు బొక్కలో. గాలి వచ్చింది, గట్టిగా, సమంగా, లారీ చక్రానికి కొట్టినట్టు. మొదటి చరణం నడిచింది. రెండో చరణం నడిచింది. స్వరం నిలిచింది. జనం ఊపిరి పీల్చుకున్నారు, కళ్ళు మూసుకున్నారు, అద్దంలో కనిపిస్తూనే ఉంది, ఎదురు చూస్తున్నారు. మూడో చరణం ఎత్తుకున్నాడు. గాలి గోడలా నిలబడింది. ఒక్క పగులు లేదు, ఒక్క అదురు లేదు. తను కావాలని వేళ్ళు వణికించాడు, వేళ్ళు మాత్రమే వణికాయి. పాట అయిపోయింది. కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"ఏమాయె వీరభద్రయ్యగారూ" అన్నారు అయ్యగారు, నొచ్చుకున్నట్టు కాదు, దిగులుగా. "ఈ రోజే రాలేదే."

జవాబు చెప్పడానికి తిరిగేలోపు చాప మీదినుంచి గొంతు వచ్చింది.

"అది ఆయప్ప వేళ్ళది కాదయ్యగారూ" అంది చిన్నసుబ్బమ్మ. "మా ఆయనది. నగేటోడు. పిడి ఊపుతా నగుతాంటే గాలి అదిరేది."

చర్చి అంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. పక్కనున్న ఆమె అక్క పెద్దసుబ్బమ్మ కొంగు లాగింది. "గుళ్ళోనా నగేది? ఊరుకోవే."

"గుళ్ళో కాకుంటే యాడ నగుతాడు, ఇంట్లో నేనుండాను గదా" అంది చిన్నసుబ్బమ్మ. దాచాల్సినవాడు లేనప్పుడు దాచడం దేనికన్నట్టు అందరికీ వినబడేలా చెప్పింది. "పాట మధ్యలో ఆయప్ప బొక్కకు నోరు పెట్టి ఏందో చెప్తాడు. ఈయన నగుతాడు. మీరంతా ఆత్మ అంటిరి. మేమేం చేసేది."

అయ్యగారు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కళ్ళజోడు తీశారు. "అంత నవ్వే మాటలేం చెప్పేవారమ్మా?"

"ఏమో. ఆయనకు తెలిస్తే గదా నాకు తెలిసేది. చెవులు పొయ్యి నాలుగైదేండ్లాయ. గట్టిగ మాట్లాడితే అంతో ఇంతో వినపడేది. గుసగుస యాడ వినపడుతుంది, ఆ తిత్తి మోతలో? మీకు తెలిస్తే పని తీసేస్తారని చెప్పనియ్యలా. మడమ తడితే చెక్కకు ఆనిన వీపుకు తెలిసేది."

"వినపడకుంటే నగేదెట్లమ్మా?" ఇది గఫూర్, చెమటలు కారుతూ వెనక తలుపులోంచి బయటికొచ్చి.

"లోపల చీకటి గదా. ఆ బొక్కలోనుంచి ఇంత వెలుగు పడేది ఆయన చేతి మీద. ఆయప్ప నోరు పెడితే వెలుగు పొయ్యేది. మళ్ళా వెలుగొచ్చిందంటే మాట అయిపాయ అని లెక్క. అప్పుడు నగేటోడు." ఆమె చేయి పెట్టె అంచు మీద ఉంది. "ఎందుకు నగుతావు ఇనపడకుండా అంటే, అంత దూరం నుంచి వచ్చి చెప్తాండు, నేను నగకుంటే ఆయప్పకు ఇంకెవరు నగుతారే అనేవాడు. ఈ రెండేండ్లుగా మా ఇంటికి రాలేదని ఒకటే దిగులు. ఏం తప్పు చేసినానో అడగాల అడగాల అంటానే పాయ."

వీరభద్రయ్య లేచాడు. ఆర్గనుకు వీపు చేసి నిలబడ్డాడు. అద్దంలో ఎడమన ఉండే ఆడవాళ్ళు కుడిన ఉన్నారు, కుడిన ఉండే మగవాళ్ళు ఎడమన. చిన్నసుబ్బమ్మ తను అనుకున్నంత దూరంలో లేదు. చీకట్లో సంజీవయ్య చేతి మీద పావలా బిళ్ళంత వెలుగు. పోయింది. వచ్చింది. వచ్చింది గనక నవ్వాడు. మీనాక్షి తలుపు గురించి చెప్పినా, కానుకల సంచి గురించి చెప్పినా, వెలుగుకు రెండూ ఒకటే. ఏదో ఒక మాట పేర్చబోయాడు, నోటికి అలవాటు గదా, వెలుగు మీదో వినికిడి మీదో, ఒక్కటీ కుదరలేదు. పెట్టె దగ్గరికి నడిచాడు. మూత ఇంకా బిగించలేదు. వంగలేదు, నోరు ఆనించలేదు. డేరా ఆఖరి వరసకు వినబడేలా మాట్లాడే పాత గొంతుతో, చర్చి చర్చంతా వినేలా చెప్పాడు.

"ఆ పొద్దు నేను చెప్పింది నగే మాట కాదు సంజీవా. మీనాక్షి పోయినాక మొదటి ఆదివారం అది. నీకు వినపడలేదని నాకు తెల్దు. నగినావని అలిగి మీ ఇంటికి రాలా. నేను చెప్పింది ఇంతే. ఇంటికి పోతే తలుపు నేనే తీసుకోవాల్సొస్తాంది."

ఎవరూ నవ్వలేదు. చిన్నసుబ్బమ్మ చాప మీద కొంచెం పక్కకు జరిగి జాగా ఇచ్చింది.